మామ తెచ్చిన నీళ్ళు

ఆ పొద్దున ఆకాశం బూడిద పోసినట్టున్నది. ముందు దినం మాపటికి గాలిదుమారం లేచి, చినుకు రాల్చకుండనే పోయింది. లేపిన దుమ్ము మాత్రం ఇంకా కిందికి దిగలేదు. తూర్పున పొద్దు పొడిచింది గని దాన్ని కండ్లు చికిలించకుండ చూడొచ్చు, తోమని రాగి చెంబు లెక్క ఉన్నది. దక్షిణాన ఒక మబ్బు తునక ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. జానయ్య వాకిట్ల నిలబడి దాన్ని చూసి, అది తమ దిక్కు వచ్చేది కాదని లెక్క కట్టుకొని, చెప్పులేసుకున్నడు.

నల్లగొండ బస్సు మర్రిగూడల ఎక్కాలె. అక్కడికి మూడు మైళ్ళ నడక. నాలుగేండ్ల బిడ్డ ఉప్పలిని ఎత్తుకొని పోవాలె.

ఉప్పలి అప్పటికే గుమ్మం పట్టుకొని ఒంటికాలు మీద నిలబడ్డది. ఎడమ కాలు కింద పెడుతలేదు. పద్దెనిమిది దినాల కింద మడమకు నాలుగు వేళ్ళ మీద చింతగింజంత గడ్డ లేచింది. ఇప్పుడది నిమ్మకాయంత అయ్యింది. మాపటిపూట ఒళ్ళు కాలుతాంది. ఒళ్ళంత దద్దులు లేచి, గోకి గోకి పిల్ల చర్మం గీరుకపోయింది.

వాడకట్టు చివర సైకిలు గంట మోగింది. పిల్ల మొఖం విచ్చుకున్నది.

"మామొచ్చిండు! మామ నీళ్ళొచ్చినయ్!"

ఎల్లస్వామి సైకిలు దిగి స్టాండేసిండు. జానయ్య పెండ్లాం గోపమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి సచ్చిపోయిన నాడు వానికి ఆరేండ్లు. గోపమ్మ వాన్ని చంకల ఏసుకొని పెంచింది, లగ్గమై అత్తగారింటికి వచ్చిన నాడు వాన్ని గూడ ఎంట తెచ్చుకున్నది. ఇప్పుడు రెండిండ్ల అవతల ఉంటడు. తెల్లారకముందు ఊళ్ళె పాలు పోసుకొని సడకు మీది పాలకేంద్రానికి తీసుకపోతడు, పొద్దెక్కంగ ఖాళీ క్యాన్లల్ల నీళ్ళు నింపుకొని వస్తడు.

"ఏందే ఉప్పలీ, కొంగ లెక్క ఒంటికాలు మీద నిలబడ్డవ్? చేపలు దొరికినయా?"

"నేను బస్సెక్కుతున్న. నువ్వెక్కవు."

"నాకు నా సైకిలే బస్సు. అగో, రెండు క్యాన్లు, రెండు టికెట్లు." క్యాను మూత తీసి, మూలకున్న కుండల నీళ్ళు వంచిండు. మిగిలినయి ఒక సీసల పోసి బిరడా బిగించిండు. "బావా, పట్నంల ఏ నీళ్ళు పడితె ఆ నీళ్ళు తాపకు. గీ సీస పట్టుకపో."

జానయ్య సీస తీసుకొని సంచిల పెట్టిండు. ఎల్లస్వామి ఇంకా ఏదో అందామనుకున్నట్టు నిలబడి, పిల్ల కాలు దిక్కు చూసి, సైకిలు ఎక్కి పోయిండు. జానయ్య అది చూసిండు. అప్పుడు దాని మీద మనసు పెట్టలేదు.

* * *

ఆ కుండకు ఇంట్ల పేరే మామ కుండ. అందుల నీళ్ళు ఉప్పలి తప్ప ఎవ్వరూ ముట్టరు.

దానికి కారణం ఉప్పలి అన్న నర్సింహ. తొమ్మిదేండ్ల పోరడు. వాడు పుట్టిన యేడే ఊరికి బోరింగు వచ్చింది. అంతకుముందు ఊరంత మెట్ల బాయి నీళ్ళు తాగేది, యేటా ఎండకాలంల ఇంటికొక్కరు నారు లేచి మంచం పట్టేది. కాలు పొక్కి, పొక్కు పగిలి, తెల్లగ దారం లెక్క పురుగు బయటికి వచ్చేది. మెట్ల బాయి బందు పెట్టి, చుట్టు కంప నాటి, బోరింగు వేసినంక నారు పోయింది. ఊరు పండుగ చేసుకున్నది. నాలుగైదేండ్లకు పిల్లల పండ్లు గారకట్టి, మోకాళ్ళు లోపలికి వంగుడు మొదలైంది. నర్సింహ నడుస్తుంటె మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటయి. ఆట ఆడే పోరలు వాన్ని చూసి "కత్తెర కాళ్ళోడొచ్చిండు" అంటరు. బోరింగు నీళ్ళ గుణం అది.

"నారును ఇచ్చి వంకర మోకాళ్ళు తెచ్చుకున్నట్టయింది మన బతుకు" అని రచ్చ కాడ ముసలోళ్ళు నవ్వుకుంట అంటరు. జానయ్య ఒక్కనాడు నవ్వలేదు.

ఉప్పలి పుట్టిన ఇరవయ్యొకటో నాడు, పిల్లను తొట్లె వేసినంక, జానయ్య పెండ్లాంతోటి ఒక మాటన్నడు.

"దీని నోట్లె బోరింగు నీళ్ళు పడొద్దు."

దినానికి పది మాటలు మాట్లాడని మనిషి అన్న మాట. గోపమ్మ దాన్ని ఒట్టు లెక్క పట్టుకున్నది. అప్పుడే ఎల్లస్వామి ముందుకొచ్చిండు. సడకు పక్క బత్తాయి తోటల గిరక బాయి ఉన్నది. చుట్టూ ఛాతీ ఎత్తు గోడ. చేదుకునుడే గని దిగుడు లేదు. నీళ్ళు కొబ్బరినీళ్ళ లెక్క ఉంటయి. "నేను తెస్త బావా. క్యాన్లు ఉత్తగనే వస్తున్నయ్ గద. నా మేనకోడలుకు ఆ మాత్రం చెయ్యనా?"

నాలుగేండ్లు. వానలో ఎండలో ఒక్క దినం తప్పలేదు. జరమొచ్చి పడుకున్న నాడు గూడ ఎవ్వనితోనో క్యాను పంపిండు. ఉప్పలికి మాటలు వచ్చినంక అమ్మ తరువాత నేర్చిన మాట మామ, ఆ తరువాత నీళ్ళు. రెండూ కలిపి అంటది.

అందుకే గడ్డ లేచినప్పుడు జానయ్యకు దిక్కు తోచలేదు. ఊళ్ళె సూదులిచ్చే కంపౌండరు ఒత్తి చూసి, "గడ్డే. కోస్తె చీము పోయి తగ్గుతది" అని బ్లేడు మరగబెట్టుడు మొదలుపెట్టిండు. జానయ్య పిల్లను ఎత్తుకొని లేచిండు. అది ఎముక కావొచ్చునని ఆయన భయం. నర్సింహకు లెక్కనే దీనికీ ఎముక తిరుగుతాందేమో. ఇంత జేసినా ఆ నీళ్ళు ఎట్లనో దీని కాళ్ళల్లకు జొరబడ్డయేమో. ఎముకనా కాదా తెలియకుండ కత్తి పెట్టనియ్యనన్నడు.

* * *

డాక్టర్ తాహేరా దవాఖానల పది మంది ఆడోళ్ళు బల్లల మీద కూసున్నరు. అందరూ కడుపుతోటి ఉన్నోళ్ళే. కడుపుల బిడ్డను చూసే మిషను పోయినేడే తెచ్చిండ్రు ఆ దవాఖానకు. ఉప్పలిని ఎత్తుకొని జానయ్య, ఎనుక గోపమ్మ లోపలికి పోతుంటె ఒక లావుపాటి ఆమె బుగ్గలు నొక్కుకున్నది.

"ఏందే బిడ్డా, నీకు గూడ నెలలు నిండినయా? ఎన్నో నెల?"

ఆడోళ్ళంత నవ్విండ్రు. ఉప్పలి సిగ్గుపడకుండ, "నా కాలుల ఉన్నది బిడ్డ" అన్నది. నవ్వు ఇంకింత ఎక్కువయ్యింది. గోపమ్మ గూడ నవ్వింది. పద్దెనిమిది దినాలల్ల అదే మొదటిసారి ఆమె నవ్వుడు.

డాక్టరమ్మ నడీడు మనిషి. తలకు పల్చటి ఓణీ, కండ్లద్దాలు. గడ్డ చుట్టూ వేలుతోటి మెల్లగ నొక్కింది. "ఎముక అని నాకు అనిపిస్తలేదు. చీముగడ్డ అయితె ఇంత దురద ఉండదు. మిషను తోటి చూద్దాం."

"కాలుకు గూడ చూడొస్తదా అమ్మా?" గోపమ్మ అడిగింది.

"కడుపే చూడాలని దానికేం పంతం లేదు. ఏడ పెడితె ఆడ చూస్తది."

పరదా వేసిన చిన్న అర్ర. ఉప్పలిని తల్లి ఒళ్ళె పండబెట్టిండ్రు. చల్లటి జిగురు కాలుకు పూసి, సబ్బుబిళ్ళంత పనిముట్టు దాని మీద ఆనించింది డాక్టరమ్మ. టీవీ లెక్క ఉన్న పెట్టెల బూడిద రంగు వెలుగు లేచింది. జానయ్యకు మొదలు ఏం తెలియలేదు. వాన వెలిసినంక రేగడి చేను లెక్క నలుపు, తెలుపు మరకలు. మెల్లగ కన్ను అలవాటు పడ్డది. కింద ఒక తెల్లటి గట్టు. "అగో, అది ఎముక. నున్నగ ఉన్నది, మంచిగున్నది" అన్నది డాక్టరమ్మ.

జానయ్య పద్దెనిమిది దినాల నుంచి బిగబట్టిన ఊపిరి ఇడిసిండు.

డాక్టరమ్మ పనిముట్టును ఒక వేలు మందం మీదికి జరిపి ఆగింది. గట్టు మీద, తోలు కింద, రెండు తెల్లటి గీతలు పక్కపక్కన పోతున్నయి. తడి నేల మీద బండి జాడ లెక్క. తిన్నగ పోయి, మలుపు తిరిగి, ఇంకోసారి తిరిగి, తన మీద తనే చుట్టుకున్నది ఆ జాడ. డాక్టరమ్మ చెయ్యి కదపలేదు. ఉప్పలి కదలలేదు. జాడ కదిలింది.

జానయ్య ముందుకు వంగిండు. బండి పోయినంక జాడ ఏడ కదులుతది?

"నారు" అన్నది డాక్టరమ్మ, తనకు తనే చెప్పుకున్నట్టు. "బతికే ఉన్నది. చేతుల మీద, కాళ్ళ మీద మస్తు చూసిన. మిషనుల చూసుడు ఇదే మొదలు." కండ్లద్దాలు సదురుకున్నది. "మీ అదృష్టం కోయలేదు. గడ్డ అనుకొని కోస్తే ఇది నడుమిట్ల తెగేది. తెగినది లోపటికి ముడుచుకుంటది, చీము పడుతది, నరాలు గుంజుకపోయి కాలు వంకరైతది. నాలుగైదు దినాలల్ల ఇగో ఈ గీత కాడ పొక్కు లేస్తది." మడమ మీద నీలి సిరాతోటి చిన్న సున్న చుట్టింది. "పొక్కు పగిలినంక దినానికి మూడు వేళ్ళంత, పుల్లకు చుట్టుకుంట తియ్యాలె. గుంజొద్దు. పిల్ల కాలు ఇదిలియ్యొద్దు. తెంపకుండ తీస్తె నెలకు కాలు ఎప్పటి లెక్క ఐతది."

"నారు కాదమ్మా" అన్నడు జానయ్య.

ఆమె తలెత్తి చూసింది.

"మా ఊళ్ళె నారు పోయి తొమ్మిదేండ్లయింది. ఇది మెట్ల బాయి నీళ్ళు ఎన్నడు తాగలే. బోరింగు నీళ్ళు గూడ తాగలే."

"మరి?"

"మా తమ్ముడు తెస్తడమ్మా" అన్నది గోపమ్మ. ఆ మాటల గర్వం ఉన్నది. "తోట కాడి గిరక బాయి నీళ్ళు. పుట్టిన కాడ్నించి అవ్వే."

"ఆ బాయికి మెట్లున్నయా? ఎవరన్న కాళ్ళు పెడతరా నీళ్ళల్ల?"

"లేదమ్మా. చుట్టూ గోడ."

డాక్టరమ్మ పనిముట్టు పక్కన పెట్టింది. తరువాత చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. నారు లేచినోడు బాయిల దిగితే దాని గుడ్లు నీళ్ళల్ల పడుతయి, కంటికి కనపడని నలుసు పురుగులు వాటిని మింగుతయి, ఆ నీళ్ళు తాగినోని ఒంట్ల నారు పెరుగుతది. పెరిగి బయటికి రానికె ఏడాది పడుతది. "ఇవ్వాల్టి దినం కాదు నేను అడిగేది. పోయినేడు ఈ దినాలల్ల ఏ నీళ్ళు తాగింది?"

"అవ్వే నీళ్ళు!" గోపమ్మ గొంతు లేచింది. "మిషను తప్పు చెప్పదా? మనుషులు తప్పు చెప్తరు, మిషను చెప్పదా?"

డాక్టరమ్మ కోపం చెయ్యలేదు. పనిముట్టు ఇంకోసారి కాలు మీద పెట్టి, పెట్టెను గోపమ్మ దిక్కు తిప్పింది. "నువ్వే చూడమ్మా."

గోపమ్మ చూసింది. రెండు గీతలు మెల్లగ ముడుచుకొని, మెల్లగ విచ్చుకున్నయి. ఆమె కొంగు నోట్లె పెట్టుకున్నది. ఉప్పలి మాత్రం సంబరంగ, "నా బిడ్డ ఆడుకుంటాంది" అన్నది.

జానయ్య సంచిల సీస తగిలింది చేతికి. దాన్ని బయటికి తియ్యలేదు.

* * *

మర్రిగూడల బస్సు దిగి ఊరి తొవ్వ పట్టిండ్రు. బత్తాయి తోట మలుపు కాడ జానయ్య పిల్లను గోపమ్మ చంకకు ఇచ్చిండు.

"నువ్వు పో. నేను ఎనుక వస్త."

"ఎందుకు?"

జానయ్య తోట దిక్కు చూసిండు. ఎందుకో గోపమ్మకు తెలుసు. అందుకే రెండోసారి అడగలేదు.

తోట కావలి లింగయ్య చెట్టు కింద బీడీ తాగుతున్నడు. "ఎండల ఎటు జానయ్యా? నీ లెక్కటోడు ఊరు దాటి వచ్చిండంటె ఏదో కొంప మునిగే ఉంటది."

"దూపయితాంది."

లింగయ్య చేదతోటి నీళ్ళు చేది దోసిట్ల పోసిండు. తియ్యటి నీళ్ళు. జానయ్య తాగి మూతి తుడుచుకున్నడు. బాయి గోడ మీద చెయ్యి పెట్టి లోపటికి చూసిండు. మెట్టు లేదు, దిగే జాగ లేదు.

"ఇది ఎన్నడన్న ఎండిందా లింగయ్యా?"

"ఎండుడంటె పోయినేడే. అడుగు కనపడ్డది. ఉగాది నుంచి ఆరుద్ర కార్తె దాక తోట పటేలు గిరక ఇప్పించి ఇంట్ల పెట్టుకున్నడు. చెట్లకే సాలకపాయె, ఊరోళ్ళకేడికెల్లి పోస్తడు? నీ బామ్మర్దిని నేనే గద ఎల్లగొట్టింది. చెప్పలేదా? రెండుమాట్ల వచ్చి బతిలాడిండు. మూడోసారి రాలే. ఇంకా కోపం ఉన్నదా నా మీద?"

"లేదు" అన్నడు జానయ్య.

"నవ్వుకుంట పోతడు తొవ్వల కనపడితె. మంచి పోరడు."

జానయ్య నడిచిండు. ఉగాది నుంచి ఆరుద్ర దాక. రెండు నెలల మీద. ఆ రెండు నెలలు గూడ పొద్దెక్కంగనే సైకిలు గంట మోగింది. మామ కుండ నిండింది. బోరింగు నీళ్ళు కావవి. పిల్లకు ఆ నీళ్ళతోటి ఉడికిచ్చిన పప్పు చెప్తది, బోరింగు నీళ్ళల్ల పప్పు ఉడకదు. కుండ అడుగు చెప్తది, తెల్లటి గార కడుతది. అవి లేవు. ఈ తొవ్వల బోరింగు కాని నీళ్ళు ఇంకొక్క కాడనే ఉన్నయి. ఊరికి అర మైలు ఇవతల, కంప నాటిన మెట్ల బాయి. నారు పోని దూరపు ఊర్ల నుంచి వచ్చే గొర్లకాపరులు కంప జరిపి దిగుతరు ఇప్పటికీ. జానయ్య దాని పక్క నుంచే వచ్చిండు. దిగి చూసే పని లేదనిపించి ఆగలేదు.

నాలుగేండ్లు ఎవ్వని చేతి నీళ్ళను పాల లెక్క చూసుకున్నడో, వాని చెయ్యి అది.

* * *

పొద్దు గుంకకముందే ఎల్లస్వామి వచ్చిండు. చేతుల బిస్కట్ల పుడ. ఉప్పలి నిద్రపోతాంది. గోపమ్మ పొయ్యి ముందు కూసున్నది, మంట పెట్టలేదు.

"ఏమన్నది డాక్టరమ్మ? ఎముకనా అక్కా?"

గోపమ్మ తల తిప్పలేదు.

"నారు" అన్నడు జానయ్య.

ఎల్లస్వామి చేతుల పుడ చప్పుడయ్యింది.

"పోయినేడు గిరక ఇప్పి పెట్టిండ్రంట గద."

ఎల్లస్వామి గోడకు ఆనుకొని మెల్లగ కింద కూసున్నడు. అబద్ధం ఆడే మనిషి అయితె అప్పుడు ఆడేటోడు. ఆడలేదు.

"ఏం చెయ్యాలె బావా? ఉత్త క్యాను తోటి ఎట్ల రావాలె? గంట మోగంగనే అది గుమ్మంల నిలబడుతది. రెండు దినాలనుకున్న. రెండు దినాలైనంక ఇంకో రెండు దినాలు. వానలు పడుతయనుకున్న. మనం పుట్టి పెరిగింది మెట్ల బాయి నీళ్ళతోటే గద అనుకున్న. ఉత్తగ పొయ్యలే. వడబోసిన. పాల జాలీల వడబోసి పోసిన దినామూ. పాలల్ల ఎంటిక పోనియ్యదు ఆ జాలీ."

"పాలల్ల ఎంటికకు, దీనికి ఒకటేనారా?" గోపమ్మ అన్నది. ఆమె ఇంకా పొయ్యి దిక్కే చూస్తాంది. "నారు ఉన్నప్పుడు మనవ్వ ఎట్ల వడబోసేదో మరిసినవా? ధోవతి బట్ట నాలుగు మడతలు ఏసేది. అప్పుడు గూడ వచ్చేది. నీ మోకాలు కాడ మచ్చ ఎక్కడిది మరి?"

ఎల్లస్వామి మోకాలు మీద చెయ్యి పెట్టుకున్నడు.

"చెప్పితె అయిపోతుండె" అన్నడు జానయ్య.

"చెప్పితె నువ్వు బోరింగు నీళ్ళు తాపేటోనివా? తాపవు. రెండు కోసులు నడిచి ఏడనో తెచ్చేటోనివి. చేన్ల పని ఇడిసి, అప్పుల..." ఆగిండు. "నామోషి అయ్యింది బావా. నేను తెస్తనన్న. అందరి ముంగట అన్న."

జానయ్య చానసేపు వాన్ని చూసిండు. వాని చెవి కింద చెమట కారుడు చూసిండు. పుడ పట్టుకున్న వేళ్ళు చూసిండు. తరువాత ఒక్కటే అడిగిండు.

"నువ్వు తాగినవా ఆ నీళ్ళు?"

ఎల్లస్వామి తలెత్తలేదు.

"ఆ రెండు నెలలు. దినామూ క్యాను నింపినవ్ గద. ఎండల సైకిలు తొక్కినవ్. దూప కాలేదా? ఒక్కసారన్న తాగినవా?"

ఎల్లస్వామి పుడను కింద పెట్టిండు. వాకిట్ల కోడి ఒకటి దులపరించుకొని పోయింది. గోపమ్మ అప్పుడు తిరిగి తమ్ముని మొఖం దిక్కు చూసింది. పాలు మరిసిన నాటి నుంచి ఎరుకున్న మొఖం. వాడు తాగలేదని ఆమెకు వాని మొఖంలనే కనపడ్డది. ఆమె ఏడవలేదు. లేచి, మామ కుండను ఎత్తి వాకిట్లకు తెచ్చి, నీళ్ళు ఎండిన మన్ను మీద వంచింది. కుండను బోర్లిచ్చి లోపటికి పోయింది.

"ఇగ పో" అన్నడు జానయ్య.

మరునాటి నుంచి జానయ్యనే తెల్లారక ముందు లేచి, కావడి వేసుకొని తోట బాయికి పోయి నీళ్ళు తెచ్చిండు. గంట మోగకపొయ్యేసరికి ఉప్పలి గుమ్మంల కూసొని అడిగింది.

"మామేడి?"

"పనున్నది."

"మామ నీళ్ళేవి?"

"ఇవ్వే."

"ఇవి బాపు నీళ్ళు" అని మూతి తిప్పుకున్నది పిల్ల.

* * *

ఐదోనాడు సిరా సున్న కాడనే పొక్కు లేచింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు. ఆరోనాడు పగిలి, తెల్లటి మొన కనపడ్డది. జానయ్య పోయి బషీరున్నీసాను పిలుసుకొచ్చిండు. డెబ్బయేండ్ల ముసలామె. ఒకనాడు ఆ చుట్టుపట్ల ఐదూళ్ళ నార్లు తీసింది ఆమె. తొమ్మిదేండ్ల నుంచి ఆ పని లేదు.

"యా అల్లా, చేతులు మరిచినయనుకున్న" అని గొణుక్కుంట చేతులు కడుక్కొని, చిన్న వేప పుల్ల నున్నగ గీకింది. చల్లటి నీళ్ళ గుడ్డ కాలు మీద వేసి, మొనను పుల్లకు అందిచ్చుకొని తిప్పుడు మొదలుపెట్టింది. ఉప్పలి కేక వేసి కాలు ఎగరేసింది. గోపమ్మ పట్టుకుంటె గోపమ్మను తన్నింది. జానయ్య పట్టుకుంటె గుక్కపట్టింది. ముసలామె చేతులు ఎనకకు తీసుకున్నది.

"గిట్లయితె తెగుతది బేటా. తెగితె నేను గాదు, ఎవ్వరూ తియ్యలేరు. ఒళ్ళె కదలకుండ ఎవ్వరి దగ్గర కూసుంటది ఇది?"

గోపమ్మ, జానయ్య ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. చూసుకోకున్నా ఇద్దరికీ తెలుసు. పిల్ల ఏడుసుకుంట అదే పేరు పిలుస్తాంది.

జానయ్య లేచిండు. రెండిండ్ల దూరం. ఆ దూరమంత అదే మనసుల తిరిగింది. తనను మోసం చేసినోన్ని తనే పోయి పిలుసుడు. వాడు లేకుంటె పిల్ల కాలు దక్కదు. వాని వల్లనే ఆ కాలుకు ఆ గతి. రెండూ నిజమే, ఒకదాంతోటి ఒకటి కొట్టేసి పొయ్యేటివి కావు.

ఎల్లస్వామి గుమ్మంల కూసొని ఉన్నడు. ఐదు దినాల గడ్డం. పాల సైకిలు గోడకు ఉన్నది.

"రా" అన్నడు జానయ్య. ఎనక్కి తిరిగి నడిచిండు.

మామ ఒళ్ళె కూసోంగనే ఉప్పలి ఏడుపు ఆపి, వాని అంగీ గుండీ పట్టుకున్నది. "యాడికి పోయినవ్?" "చేపలు పట్టనీకి." "దొరికినయా?" "ఒకటి దొరికింది. నీ కాలుల ఉన్నది, అవ్వ పడుతాంది చూడు. కదిలితె పారిపోతది." పిల్ల కదలలేదు. బషీరున్నీసా పుల్ల తిప్పింది. మూడు వేళ్ళంత వచ్చింది. పుల్లను గుడ్డతోటి కాలుకు కట్టి, "రేపు" అన్నది.

అట్ల పదకొండు దినాలు. దినామూ పొద్దెక్కినంక ఎల్లస్వామి వచ్చేటోడు, పిల్లను ఒళ్ళె పెట్టుకునేటోడు, పని కాంగనే లేచి పోయేటోడు. అక్క మాట్లాడలేదు, బావ మాట్లాడలేదు. వాడు గూడ పిల్లతోటి తప్ప మాట్లాడలేదు. గుడ్డ తడిపిన నీళ్ళు బాయి దిక్కు పోకుండ జానయ్య గుంత తవ్వి పోసి మన్ను కప్పేటోడు. డాక్టరమ్మ రాసిన చీటీ మీద ఒకనాడు సర్కారు జీపు వచ్చి మెట్ల బాయిల మందు చల్లి, కొత్తగ కంప నాటి పోయింది. ఊరంత అడిగింది, పిల్లకు నారు ఎట్లొచ్చిందని. జానయ్య ఎవ్వరికీ చెప్పలేదు. బామ్మర్ది పరువు కోసం కాదు. చెప్పితె నోరు ఖరాబైతదని.

పదకొండో నాడు పుల్ల తిప్పుతుండంగ బషీరున్నీసా చెయ్యి ఆగింది. కొస సన్నగ, వంకీ లెక్క జారి బయటికి వచ్చింది. ముసలామె పుల్లకున్నది ఇప్పి తన మోచెయ్యి మీద కొలిసింది. మూరెడు, మీద జానెడు. ఎక్కడా తెగలేదు.

"అల్హందులిల్లా. ఇగ దీని లగ్గంల నాకు చీర పెట్టాలె జానయ్యా. అప్పటిదాక నేను సావ."

"పెడుత" అన్నడు జానయ్య.

"చూసినవా, నీ మొగడు మాట్లాడిండే గోపమ్మా!"

నారును నిప్పుల వేసి, ముసలామె నమాజు యాళ్ళయిందని కట్టె పట్టుకొని పోయింది. ఉప్పలి కాలు కింద పెట్టి, గోడ పట్టుకొని రెండడుగులు వేసి, అందరూ చూస్తున్నరా లేదా అని ఎనక్కి చూసింది. ఎల్లస్వామి లేచి తువాల దులిపి భుజం మీద వేసుకున్నడు. రేపటి నుంచి తనను పిలిచే పని లేదు. గడప దిక్కు అడుగు వేసిండు.

గోపమ్మ పళ్ళేలు పరిచింది. జానయ్య లెక్క పెట్టిండు. తనకొకటి, నర్సింహకొకటి, ఆమెకొకటి, ఉప్పలికి చిన్న గిన్నె. ఇంకొకటి ఉన్నది. గోపమ్మ ఆయనను అడగలేదు. తమ్మున్ని పిలువనూ లేదు. పళ్ళెం పెట్టి, పక్కకు పీట జరిపింది. ఎల్లస్వామి గడప కాడ నిలబడి బావ దిక్కు చూసిండు. జానయ్య చేతులు కడుక్కొని వచ్చి తన జాగాల కూసున్నడు. కూసో అనలేదు, పో అనలేదు.

ఎల్లస్వామి కూసున్నడు.

జొన్న రొట్టెలు, ఎండుమిరపకాయ నూరిన తొక్కు, పలుచటి పప్పుచారు. గోపమ్మ అందరికీ వడ్డించి తనకు వడ్డించుకున్నది. నర్సింహ మడుచుకోరాని కాళ్ళు పక్కకు చాపి తిన్నడు. ఉప్పలి తునక తునక చేసి చారుల ముంచింది. ఎల్లస్వామి రొట్టె తుంచి చానసేపు చేతుల పట్టుకొని, తరువాత నోట్లె పెట్టుకొని, తల దించుకొనే నమిలిండు. వాని పళ్ళెంల మొదటి రొట్టె అయిపోంగనే గోపమ్మ ఇంకోటి వేసింది, వాని మొఖం చూడకుండ. జానయ్య తొక్కు గిన్నె దిక్కు చెయ్యి చాపితె, అది అందనంత దూరంల ఉన్నది, ఎల్లస్వామి ముందట. వాడు దాన్ని నేల మీద మెల్లగ ఇటు జరిపిండు. జానయ్య వేసుకున్నడు.

రొట్టెలు తుంచిన చప్పుడు, గిన్నెకు గంటె తగిలిన చప్పుడు. ఎండ గడప దాటి లోపటికి వచ్చింది. తింటనే ఉన్నరు.